బెంగ అక్కరలేని చెట్టు

పెరూజా
9 ఫిబ్రవరి 1987

ఎర్సీలియా అత్తయ్యకి,

మేనల్లుడు నజ్జరేనో రాసేది. ఇక్కడ అంతా క్షేమం. అక్కడ నీ మోకాలూ, నీ కోళ్ళూ, ఆ రెండింటికన్నా గట్టిదైన నీ నోరూ క్షేమమని తలుస్తాను.

ఇక అసలు సంగతి. మా అటవీ ఆఫీసులో చెట్ల పటం గీస్తున్నామని కిందటిసారి చెప్పాను కదా. ఏ జాతి చెట్టు ఎక్కడెక్కడ ఉంది, పెరుగుతోందా తరుగుతోందా అని ఇంటింటికీ కాగితాలు పంపి అడుగుతున్నాం. ఒకాయనకి కొండకొమ్మున నాలుగే మిగిలిన పైన్ చెట్టు ఇచ్చారు. నాకు పొలం గట్ల మీద కాకుల్లా ఎక్కడపడితే అక్కడ ఉండే మేపుల్ ఇచ్చారు. ఆఫీసంతా నవ్వింది.

నిన్న మీ కొల్లెఫ్రాస్కా కాగితాలు వచ్చాయి. ముప్ఫై ఎనిమిది ఇళ్ళు, ముప్ఫై ఎనిమిది సున్నాలు. ఒక సున్నాకి కళ్ళూ మీసాలూ కూడా గీసి ఉన్నాయి. అది మీ పక్క పొలం సెత్తీమియో గారి పనేనని చూడగానే తెలిసింది.

అత్తయ్యా, నా ముందు పన్ను సగమే ఎందుకుందో నీకు గుర్తుందా? ఏడేళ్ళప్పుడు మీ పొలంలో మేపుల్ మీంచి ద్రాక్షబుట్టతో సహా పడ్డాను. అమెదేయో మామయ్య ముందు బుట్టని లేవదీసి, తర్వాత నన్ను లేవదీశాడు. మీ ఒక్క వరసలోనే ఇరవై మూడు మేపుల్ చెట్లున్నాయి. ఊరంతా కలిపితే వేలుంటాయి. మరి ఈ సున్నాలేమిటి? పటంలో చుట్టూ పచ్చటి చుక్కలు, మధ్యలో మీ ఊరు చుట్ట కాల్చిన దుప్పటికి పడ్డ కంతలా తెల్లగా కనిపిస్తోంది. మా ఆఫీసు పెద్దాయన చూస్తే నాకు అక్షింతలే. దయచేసి అందరిచేతా మళ్ళీ రాయించు.

నీ
నజ్జరేనో


కొల్లెఫ్రాస్కా
15 ఫిబ్రవరి

ఒరేయ్ అబ్బాయ్,

నీ ఉత్తరం అందింది. నా నోరు క్షేమమే. అది బాగుండబట్టే నీకు ఈ జవాబు.

మమ్మల్ని అబద్ధాలకోర్లంటావా? ఆ కాగితాలు మేం దొంగతనంగా నింపలేదు. ఆదివారం పూజ అయ్యాక ద్రాక్షసారా గిడ్డంగిలో బల్ల చుట్టూ కూర్చుని, ఫాదర్ క్వింతో గారు పైకి చదువుతుంటే నింపాం. ఓక్ చెట్లు ఎన్ని అంటే లెక్కలు చెప్పారు. వాల్‌నట్ ఎన్ని అంటే పోట్లాడుకుని మరీ చెప్పారు. "మేపుల్ చెట్లు ఎన్ని?" అన్నారాయన. అందరూ మొహాలు చూసుకున్నారు.

"మేపుల్ చెట్లా? ఈ ఊళ్ళో ఎక్కడున్నాయండీ?" అన్నాడు సెత్తీమియో.

"మరి నీ తీగలు దేని మీదకి ఎక్కేవోయ్?" అన్నారు ఫాదర్.

"అవి చెట్లేమిటండీ, మొగుళ్ళు గదా."

అందరూ తలలూపారు. నేనూ ఊపాను. పట్నం వెళ్ళి ఇరవై ఏళ్ళయ్యేసరికి నువ్వు మరిచిపోయావు గానీ, ద్రాక్షతీగ ఎక్కిన మేపుల్‌ను ఈ ఊళ్ళో చెట్టని ఎవరన్నారురా? తీగని పెళ్ళాడిన రోజే దాని చెట్టుతనం పోయింది. కొమ్మలు నరికితే పడుంటుంది, తీగ బరువంతా మోస్తుంది, ఎండాకాలం ఆకు దూసి ఆవుకి వేస్తే నోరెత్తదు. మొగుడు కాక మరేమిటి? మీ కాగితంలో "మొగుళ్ళు ఎన్ని" అని అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. అడగడం చేతకాక మమ్మల్ని అంటారు.

ఇక్కడ కొత్త కబురు ఒకటి. సెత్తీమియోగాడు ద్రాక్షలు కోసే యంత్రం తెచ్చాడు. గోధుమ కోసే కంబైను కన్నా ఎత్తుంది, వాడి బుద్ధికన్నా వెడల్పుంది. సిమెంటు స్తంభాలూ ఇనుప తీగలూ ఎప్పుడో పాతాడు కదా, ఆ వరస చివర అది తిరగాలంటే మా ఇద్దరి సరిహద్దులో ఉన్న మేపుల్ అడ్డమట. నేను ఒప్పుకోకపోయినా సరేనని ఊరి సంఘం దగ్గర కాగితం పుట్టించాడు. అటవీ ఆఫీసు కాపాడే జాబితాలో లేని చెట్టయితే, పంట కోతలయ్యాక నవంబరు పదకొండున, సెయింట్ మార్టిన్ పండగనాడు కొట్టుకోవచ్చని అందులో ఉంది. దాని మీదున్న తీగకి నా పెళ్ళంత వయసు. యాభై మూడేళ్ళ తీగకి ఇప్పుడు రెండో సంబంధం ఎక్కడ తేను?

ఇంతకీ మేపుల్‌ను మీ జాబితాలో ఏ గడిలో రాశారు? ఊరికే అడుగుతున్నా.

మీ అత్త
ఎర్సీలియా


పెరూజా
27 ఫిబ్రవరి

అత్తయ్యా,

నువ్వు "ఊరికే అడుగుతున్నా" అంటే మా నాన్న చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు. ఆయన తమ్ముడు కాబట్టి పోగలిగాడు. నేను ఉద్యోగిని, జవాబివ్వాలి.

మా జాబితాలో నాలుగు గడులున్నాయి. ప్రమాదంలో ఉన్నవి, తగ్గిపోతున్నవి, సంగతి తెలియనివి, బెంగ అక్కరలేనివి. మీ మేపుల్ నాలుగో గడిలో, అందులోనూ మొదటి పేరుగా ఉంది. ఇంగ్లండు దక్షిణం నుంచి కాకసస్ కొండలదాకా, స్వీడను కొస నుంచి సముద్రం దాటి అల్జీరియాదాకా ఎక్కడ చూసినా అదే. రోడ్ల పక్కన, కంచెల్లో, పార్కుల్లో ఉంటుంది. నరికితే మళ్ళీ చిగురిస్తుంది, రెక్కల గింజలు గాలికి పోయి మొలుస్తాయి. దానికి బెంగపడటమంటే పిచ్చుకలకి గింజలు దొరుకుతాయా అని నిద్ర మానుకోవడమే.

కాబట్టి జాబితా మీద ఆశ పెట్టుకోకు. ఒక్క మినహాయింపు ఉంది గానీ అది నీకు వర్తించదు. ఎంత మామూలు జాతైనా సరే, ఒక ఊరి పొలిమేరలో ఆఖరి చెట్టు ఒక్కటే మిగిలితే దాన్ని కొట్టకూడదని రూలు. మీ దగ్గర వేలున్నాయి. సెత్తీమియో గారితో మంచి మాటగా మాట్లాడి చూడు. కాగితాలు మాత్రం తొందరగా పంపించు.

నజ్జరేనో


కొల్లెఫ్రాస్కా
8 మార్చి

గౌరవనీయులైన అటవీ అధికారి గారి సముఖమునకు,

కొల్లెఫ్రాస్కా గ్రామ నివాసి, కీర్తిశేషులు అమెదేయో గారి భార్య ఎర్సీలియా సవినయముగా వ్రాయు విన్నపము.

తమరు కోరిన ప్రకారము మా గ్రామమునందలి మేపుల్ వృక్షముల విషయమై మరల విచారించితిమి. ముప్పది ఏడు ఇండ్లవారు తమ మొదటి జవాబుకే కట్టుబడి ఉన్నారు. నా జవాబులో మాత్రము చిన్న పొరపాటు దొర్లినది. నా పొలము తూర్పు సరిహద్దున ఒక మేపుల్ వృక్షము కలదు. మొత్తము గ్రామమునకు: ఒకటి. అక్షరాల ఒకటి మాత్రమే.

తమ నిబంధన ప్రకారము తగు చర్య తీసికొన ప్రార్థన.

ఇట్లు
ఎర్సీలియా

ఇది విడిగా నీకు. పై కాగితం మీ పెద్దాయనకి చూపించు, ఈ చీటీ చించెయ్. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నువ్వు అనుకోవచ్చు. బెంగ అక్కరలేదన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. మామయ్యకి దగ్గొచ్చినప్పుడు డాక్టరు కూడా చేతులు తుడుచుకుంటూ అదే మాట అన్నాడు. మూడు వారాలు తిరక్కుండా శవపేటిక కొలతలకి మనిషొచ్చాడు. అప్పటినుంచీ ఎవరన్నా బెంగ అక్కరలేదంటే నాకు అక్కడినుంచే బెంగ మొదలవుతుంది.


పెరూజా
3 ఏప్రిల్

అత్తయ్యా,

నువ్వు చేసిన ఘనకార్యం వినాలి. నీ విన్నపం నా బల్ల మీద ఉండగా మా పెద్దాయన వచ్చి చదివాడు. నేను దాచేలోపే చదివేశాడు. నాకు తిట్లు పడతాయనుకుంటే ఆయన మొహం వెలిగిపోయింది. ఐరోపా అంతా పరుచుకున్న చెట్టు ఒక్క ఊళ్ళో మాత్రం మాయమవడం శాస్త్రంలో వింతట. బొలోన్యాలో ప్రొఫెసర్ బెనాత్తీ గారని మేపుల్ జాతుల మీద జీవితం ధారపోసినాయన ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాడు. సెప్టెంబరు పన్నెండున ఆయన మీ ఊరు వస్తాడు. నిన్ను కలుస్తాడు. ఆ ఆఖరి చెట్టుని చూస్తాడు. దారిలో మిగతా వేల చెట్లనీ చూస్తాడు. ఆ మర్నాడు నేను ఉద్యోగం లేకుండా బస్సెక్కి మీ ఇంటికొస్తాను, నీ కోళ్ళకి గింజలు వేసుకుంటూ బతుకుతాను.

ఇప్పటికైనా మించిపోయింది లేదు. పొరపాటు పడ్డానని ఒక్క ముక్క రాసి పంపు.

నజ్జరేనో


కొల్లెఫ్రాస్కా
21 జూన్

అబ్బాయ్,

ఆలస్యంగా రాస్తున్నాను, గడ్డి కోతల్లో తీరిక లేదు. పొరపాటు పడ్డానని నేను పెళ్ళినాడు కూడా ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటానా?

ఊరంతా మన వైపే ఉంది. ఇన్నాళ్ళకి ప్రభుత్వాన్ని ఆటపట్టించే అవకాశం వచ్చిందని మగాళ్ళకి ఒకటే హుషారు. పథకం కూడా వేశాం. ప్రొఫెసరు గారిని కింది రోడ్డు మీంచే తీసుకురావాలి. అటు అన్నీ సిమెంటు స్తంభాలే. పై దారిన, పిండిమర వైపున, మొగుళ్ళున్న పొలాలన్నీ అటే కదా, అటు పోనివ్వకూడదు. వచ్చీరాగానే నా ఇంట్లో కూర్చోబెడతాం. రాతి పెనం మీద రొట్టె, పెద్దబాతు వేపుడు, అడవి తోటకూర, నా సరిహద్దు తీగ సారా. మూడో గ్లాసు తర్వాత ఆయన మేపుల్‌కీ ముల్లంగికీ తేడా చెప్పగలిగితే నా పేరు మార్చుకుంటాను.

చిక్కంతా సెత్తీమియోతోనే. నిన్న గట్టు మీద ఎదురుపడి, "వదినా, ఆ ప్రొఫెసరుని నేనే చెయ్యి పట్టుకుని పై పొలాలన్నీ తిప్పుతా. వెయ్యి మొగుళ్ళని వరసగా చూపిస్తా. అప్పుడు నీ ఆఖరి చెట్టు సంగతి తేలుతుంది" అన్నాడు.

"చూపించు నాయనా. నీకు నడిచే ఓపిక ఉంటే" అన్నాను.

పైకి అన్నాను గానీ, రాత్రి నుంచే ఆ పెద్దబాతుకి రెండింతల గింజలు వేస్తున్నాను.

ఎర్సీలియా


కొల్లెఫ్రాస్కా
14 సెప్టెంబరు

అబ్బాయ్,

కూర్చుని చదువు.

ప్రొఫెసరు గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, టోపీ తీస్తే గుడ్డులాంటి తల. నేను చూపించిన కుర్చీలోనే కూర్చున్నారు. బాతు రెండోసారి వడ్డించుకున్నారు. అంతా పథకం ప్రకారం నడుస్తోందనుకుంటుండగా గుమ్మంలో సెత్తీమియో ప్రత్యక్షం. కొత్త బూట్లు, ఇస్త్రీ చొక్కా.

"అయ్యా, ఈవిడ మాటలు నమ్మకండి. ఈ ఊళ్ళో మేపుల్ చెట్లు ఎన్ని కావాలో అన్ని చూపిస్తాను. రండి నాతో" అన్నాడు.

ప్రొఫెసరు గారు మూతి తుడుచుకుని లేచారు. మనిషి మూడు గ్లాసులు తాగి కూడా తిన్నగా నడిచారు, నా అంచనా తప్పింది. వెనకాల ఊరు ఊరంతా కదిలింది. నేను చేతికర్ర పట్టుకుని కొసన నడిచాను. నా పని అయిపోయిందనే అనుకున్నాను.

సెత్తీమియో ముందు పై దారిన బెర్నార్దీనో పొలానికి తీసుకెళ్ళాడు. "ఇక్కడే వంద ఉంటాయండీ." వెళ్ళి చూస్తే గట్టున మూడు తప్ప అన్నీ ఇనుప తీగలు. "ఏరా, ఎప్పుడు తీశావు?" అన్నాడు వాణ్ణి. "మొన్ననే, నాలుగేళ్ళయింది. నాకేం, మర వైపు బోలెడున్నాయి కదా అని తీశా" అన్నాడు వాడు. సరే, మర వైపు వెళ్ళాం. అక్కడా రెండు తప్ప అన్నీ సిమెంటు స్తంభాలు. మరవాడు, "చర్చి వెనక లోయ నిండా ఉన్నాయి కదా అని తీయించానండీ" అన్నాడు. లోయలోకి దిగాం. పొద్దుతిరుగుడు వేసి ఉంది. లోయ ఆసామి బెర్నార్దీనో పొలం వైపు చెయ్యి చూపించాడు.

మూడు గంటలు నడిచాం రా. మొదట అందరూ నవ్వుతూ బయల్దేరారు. తర్వాత తర్వాత ఎవరి పొలం దగ్గరికొస్తే వాళ్ళు వెనక్కి తగ్గి నడిచారు. అక్కడొకటి, ఇక్కడ రెండు, ఫాదర్ గారి పెరట్లో నాలుగు. మేం దాచాలని చూసినవి దాచడానికే లేవు. సెత్తీమియో చొక్కా చెమటకి తడిసిపోయింది. చివరికి గట్టు మీద చతికిలబడి, "ఉండేవండీ. ఒట్టు, ఉండేవి" అన్నాడు. వాడి మొహం చూస్తే నాకే జాలేసింది. ఆ మాట వాడికి చెప్పకు.

ప్రొఫెసరు గారు వెళ్ళేముందు నా చేయి పట్టుకుని, "అమ్మా, మీరు నాతో అబద్ధం ఆడబోయి నిజానికి చాలా దగ్గరగా వచ్చారు" అన్నారు. మిగిలిన బాతు పొట్లం కట్టి ఇచ్చాను.

ఎర్సీలియా


పెరూజా
28 సెప్టెంబరు

అత్తయ్యా,

ప్రొఫెసరు గారు మా ఆఫీసుకి వచ్చి వెళ్ళారు. బాతు గురించి అరగంట మాట్లాడారు. నీ మీద ఒక్క చెడ్డ మాట అనలేదు. కానీ నడిచిన దారిలో చూసిన చెట్లు ఆయన రాసుకున్నారు. అంటే నీది ఆఖరిది కాదు, రూలు వర్తించదు. మేపుల్ నాలుగో గడిలోనే ఉంటుంది. జాతికి ఏ ప్రమాదమూ లేదు, అది నిజం. కాకసస్‌లో ఎంత బాగుందో ఇక్కడ రోడ్ల పక్కనా అంత బాగుంది. తీగని మోసే మేపుల్‌కి మాత్రం మా కాగితాల్లో గడే లేదు. ఆ మాట ఆయనే అన్నారు.

ఇక నీ దగ్గర దాచింది చెబుతాను. నాకు ఏప్రిల్‌లో అంత భయమెందుకు వేసిందో తెలుసా? ఫిబ్రవరిలో మొదటి పటం ఇచ్చినప్పుడే, "కొల్లెఫ్రాస్కా లోయంతా స్వయంగా నడిచి చూశాను" అని సంతకం పెట్టాను. నేను రాలేదు. చిన్నప్పటి లోయ కళ్ళముందే ఉంది కదా, మళ్ళీ నడవడమెందుకనుకున్నాను. ఈస్టరుకి వచ్చినా నీ వంటింటి నుంచి బస్సుకే వెళ్ళాను గానీ పొలం వైపు అడుగు పెట్టలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నిన్ను తిట్టాను, క్షమించు.

అసలు లెక్క కావాలి. ఈసారి నవ్వులాటకి కాదు. ఇల్లిల్లూ తిరిగి, మొగుళ్ళనే అడిగి, నిజం రాయించు. మీ ఇరవై మూడుతో మొదలుపెట్టు.

నజ్జరేనో


కొల్లెఫ్రాస్కా
18 అక్టోబరు

అబ్బాయ్,

లెక్క పెట్టాం. ఫాదర్ క్వింతో గారూ నేనూ ఇల్లిల్లూ తిరిగాం. గిడ్డంగి గోడకి పెద్ద కాగితం అంటించి, ఇంటిపేరు పక్కన అంకె వేశాం. చిత్రమేమిటంటే, ఫిబ్రవరిలో పకపకా నవ్వుతూ సున్నా వేసినవాళ్ళే ఇప్పుడు సున్నా వేయించుకోవడానికి సిగ్గుపడి చస్తున్నారు. ఒకడు ఎండిపోయిన మోడుని లెక్కలో కలపమన్నాడు. ఇంకొకడు మొన్న వారం నాటిన మొక్కని చూపించి, "ఇదీ మొగుడే, నిశ్చితార్థం అయింది" అన్నాడు. కలపలేదు.

మా సరిహద్దు చెట్టుతో కలిపి మొత్తం నలభై ఏడు. ముప్ఫై ఎనిమిది ఇళ్ళకి నలభై ఏడు. తిలాపాపం తలా పిడికెడు. ఎవడికి వాడు పక్కవాడి దగ్గర ఉన్నాయి కదా అని తనవి కొట్టేశాడు.

నువ్వు మా ఇరవై మూడు, ఇరవై మూడు అని రాసినప్పుడల్లా నేను ఆ మాట దాటేశాను. గమనించలేదు కదా, నువ్వేం అధికారివిరా. మామయ్య పోయిన ఏడాదే ఆ వరస కొట్టించేశాను. నిచ్చెన ఎక్కేవాళ్ళు లేరు, నా మోకాలు సహకరించలేదు. పొలం కౌలుకిస్తే గోధుమ వేస్తామన్నారు, వరస అడ్డమన్నారు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాల వేళకి ఇరవై రెండూ పడగొట్టారు. నేను ఇంట్లో కూర్చుని బఠాణీలు ఒలిచాను. ఎంత ఒలిచానో, వారం రోజులు అవే తిన్నాను. ఎవరికీ చెప్పలేదు. నీకు మరీ చెప్పలేదు.

ఇరవై మూడోది ఎందుకు మిగిలిందో తెలుసా? నా ప్రేమ వల్ల కాదు. అది సరిహద్దు చెట్టు, సెత్తీమియో ఒప్పుకోకుండా కొట్టడానికి వీల్లేదు. అప్పట్లో మాకు మాటల్లేవు. వాణ్ణి అడగడం ఇష్టంలేక వదిలేశాను. ఆ తర్వాత ఏడాది దానికి కాసిన ద్రాక్ష కోసి నోట్లో వేసుకున్నప్పుడు తెలిసింది నేనేం చేశానో. ఇప్పుడు అదీ పోతోంది. దానికోసం ఇన్ని వేషాలు వేసింది అందుకే.

గోడ మీద కాగితంలో రెండు ఇళ్ళ పక్కన ఇంకా ఖాళీగా ఉంది, నాదీ వాడిదీ. ఆ సరిహద్దు చెట్టుని ఎవరి పేరున రాయాలో ఫాదర్ గారికి తేలలేదు.

ఎర్సీలియా


పెరూజా
30 అక్టోబరు

అత్తయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

మా పెద్దాయన కాళ్ళావేళ్ళా పడ్డాను. సంఘం ఇచ్చిన కాగితాన్ని ఆపే అధికారం మాకు లేదన్నాడు. ఆ సంతకం సంగతి కూడా చెప్పేశాను. రెండు రోజులు మొహం చూడలేదు, మూడో రోజు మీ ఊరి పటం నన్నే మళ్ళీ గీయమన్నాడు. నవంబరు ఇరవైకల్లా అచ్చుకి వెళ్ళాలి కాబట్టి సెయింట్ మార్టిన్ పండక్కి రాలేను. ఆ రోజు నువ్వు పొలానికి వెళ్ళకు. ఇంట్లోనే ఉండు. బఠాణీలు మాత్రం ఒలవకు.

నజ్జరేనో


కొల్లెఫ్రాస్కా
12 నవంబరు

అబ్బాయ్,

నేను ఎప్పుడన్నా నీ మాట విన్నానా?

నిన్న పొద్దున్నే కుర్చీ మోయించుకుని వెళ్ళి ఆ మేపుల్ కిందే కూర్చున్నాను. చిల్లుల పెనం మీద చెస్ట్‌నట్లు కాల్చుకుంటూ, పక్కన కొత్త సారా కూజా పెట్టుకున్నాను. పండగ కదా, ఎవరి కోసం మానాలి? గిడ్డంగి గోడ మీది కాగితం కూడా ఊడబెరికి తెచ్చాను. ఆకులన్నీ పసుపచ్చగా మారి నా ఒళ్ళో రాలుతున్నాయి.

సెత్తీమియో రంపం భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి ఆగాడు.

"లే వదినా. మీద పడుతుంది."

"లేస్తాలే. ముందు ఇక్కడ నీ లెక్క వేసి సంతకం పెట్టు. మావాడు అచ్చుకి పంపాలట."

"సున్నా అని రాసుకో."

"నీ చేత్తో వెయ్యి. మొన్న మీసాలు కూడా గీశావుగా, అలాగే గీయి."

కలం తీసుకున్నాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివాడు. బెర్నార్దీనో మూడు. మరవాడు రెండు. ఆఖరికి వాడు రోజూ తిట్టిపోసే బావమరిది పక్కన కూడా ఒకటి ఉంది.

"వీడికి కూడా ఉందా?" అన్నాడు.

"ఉంది. చూసొచ్చాం."

"చెట్టు ఎదురుగా నిలబడి ఉంటే సున్నా ఎలా వెయ్యమంటావు?"

"అయితే కొట్టాకే వెయ్యి. నాకేం తొందర లేదు. చెస్ట్‌నట్లు తిను."

తిన్నాడు. ఒక గ్లాసు తాగాడు. రెండో గ్లాసు తనే పోసుకున్నాడు. చాలాసేపు పైకి చూశాడు. "ఆ కొమ్మ మీద అమెదేయో, ఈ కొమ్మ మీద నేను. ద్రాక్షపళ్ళతో కొట్టుకునేవాళ్ళం. వాడి గురి ఎప్పుడూ తప్పేది" అన్నాడు. "తప్పేది కాదు, నువ్వేడుస్తావని కావాలని తప్పించేవాడు" అన్నాను. వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇద్దరం కాసేపు పొగ కళ్ళల్లో పడినట్టు మొహాలు తిప్పుకున్నాం.

తర్వాత వాడు కాగితం మీద తన పేరు పక్కన ఏదో గట్టిగా రాశాడు, కాగితం చిరిగినంత పని చేశాడు. తిప్పి చూశాను. అర.

"అరేమిటి?" అన్నాను.

"సగం చెట్టు నాది కదా. మిగతా సగం నీది. నీ సగాన్ని నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. నా సగం మీద చెయ్యి పడిందంటే మాత్రం ఊరుకోను వదినా."

రంపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పొలంలో ధనధనా చప్పుడైతే వెళ్ళి చూశాను. వరస చివర తన సిమెంటు స్తంభాలు రెండు పీకేస్తున్నాడు, యంత్రం తిరగడానికి. ఫిబ్రవరిలో కొమ్మలు కత్తిరించేటప్పుడు నిచ్చెన పట్టుకోవడానికి మనిషి కావాలన్నాడు. అది నేను పట్టుకోలేను కాబట్టి, సగం పన్ను ఉన్న మేనల్లుడొకడు ఉన్నాడని చెప్పాను.

కాగితం ఇందులో పెట్టాను, భద్రం. చెస్ట్‌నట్ మసి అంటింది, తుడవకు. అందరి కింద ఆఖరున రెండు గడులు చూడు. సెత్తీమియో, అర. ఎర్సీలియా, అర. మీ ఆఫీసులో అరలు రాసుకోరేమో నాకు తెలియదు. కుదరకపోతే రెండూ కూడి వేసుకో. ఒకటని నేను మార్చిలోనే రాసి పంపాను, నువ్వే నమ్మలేదు.

మీ అత్త
ఎర్సీలియా